గోవిందన్ గుండెమంట కేసు

"నేరం గాలిలాంటిది మాదేశా! అందరికీ తగుల్తాది. కంటికి కనబడేది మాత్రం నా ఒక్కడికే!"

ధర్మపురి నాలుగు రోడ్ల దగ్గర తన దుకాణంలో, కాలిపోయిన బోరు మోటారుకు రాగితీగ చుడుతూ తిమ్మరాయన్ ఈ ప్రకటన చేశాడు. పొట్టకూటికి మోటారు కాయిళ్ళు చుట్టినా, లోకకల్యాణం కోసం అపరాధ పరిశోధన చేస్తాడు. ఇంతవరకు తేల్చిన కేసులు రెండు. మొదటిది తప్పిపోయిన మేక. అది తనంతట తానే ఇంటికి వచ్చింది. రెండోది, అదే మేక మళ్ళీ.

ఆటో నడిపే మాదేశన్ ముప్పై ఏళ్ళుగా ఇలాంటివి వింటున్నాడు. మామూలుగా నవ్వి ఊరుకునేవాడే. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకంటే మూడో కేసులో ముద్దాయి అతని అన్న కూతురు కవిప్రియ.

చింతపండు మండీ వ్యాపారి గోవిందన్‌కు రెండు నెలలుగా ఛాతీలో మంట. పుల్లటి తేన్పులు, కడుపులో నిప్పులు. గుండెజబ్బేమోనని పరీక్ష చేయిస్తే గుండె గుండ్రాయిలా ఉందని తేలింది. డాక్టరు పది రోజులకు మాత్రలిచ్చి, అయిపోగానే మళ్ళీ రమ్మన్నాడు. మాత్రలతో మంట తగ్గింది. తగ్గింది కదా అని గోవిందన్ పోలేదు. మంట మాత్రం తిరిగి వచ్చింది.

కవిప్రియ ఆ ఇంటికి కోడలిగా వచ్చిందీ సరిగ్గా రెండు నెలల కిందటే. అత్త పంచవర్ణం వేళ్ళ మీద లెక్కపెట్టింది. "కూట్లో ఏదో కలుపుతా ఉంది" అని తేల్చింది. పదకొండు రోజులుగా కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. కొడుకు వసంతకుమార్ హోసూరు ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఫోనులో తల్లికీ 'సరి' అంటాడు, పెళ్ళానికీ 'సరి' అంటాడు.

"నిజం కక్కించేదానికి తిమ్మరాయన్‌ని పిలువు" అని పంచవర్ణమే కబురు పంపింది.

"వాళ్ళు పిలిస్తే మాత్రం పోవాల్నా? ఆ పిల్ల నా బిడ్డరా" అన్నాడు మాదేశన్.

"ధర్మం ముందర స్నేహం లేదు. ఆటో తియ్యి" అన్నాడు తిమ్మరాయన్.

* * *

గోవిందన్ ఛాతీ నిమురుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. తిమ్మరాయన్ అతని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి నోటుబుక్కు తెరిచాడు.

"గోవిందన్నా, పొద్దున లేస్తానే ఏమి తింటావు?"

"ఏమీ తినను. మండీలో ఏలం పాట అయ్యిందాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టను. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇంటికొచ్చినాకనే కూడు."

"మంట ఎప్పుడు మొదలవుతాది?"

"పదకొండు గంటలకు."

తిమ్మరాయన్ కళ్ళు మెరిశాయి. "విన్నావా మాదేశా! కూడు ఒకటిన్నరకు, మంట పదకొండుకు! అంటే ఈ రోజు కూడు కాదు, నిన్నటి కూడు! గడియారం పెట్టి పేల్చే విషం!"

"పదకొండు రోజులుగా వండేది పంచవర్ణమక్క కదప్పా. అయినా మంట తగ్గలేదే?" అన్నాడు మాదేశన్.

"పాత విషం ఒంట్లో నిలవ ఉంటాది. చదువుకో."

"నేను అప్పుడే చెప్పినా" అంది పంచవర్ణం తలుపు చాటు నుంచి.

కవిప్రియ వంటింటి గడప ఇవతలే నిలబడి అడిగింది. "డిటెక్టివ్ మామా, ఊర్లో మోటారు కాలితే కూడా మా వంటింట్లోనే వెతుకుతారా?"

"నేరస్థులకు నోరు ఎక్కువ" అని రాసుకున్నాడు తిమ్మరాయన్.

"రాసుకోండి. ఇది కూడా రాసుకోండి. రేపు మధ్యాహ్నం లోపల నా తప్పు ఉందో లేదో తేల్చండి. లేకుంటే నేను మా ఊరు పెరియంపట్టికి పోతాను. నా చేతి కూడు విషమనే ఇంట్లో నేనుండను. చిన్నాయనా, రేపు ఆటో తెచ్చి పెట్టు."

ఆ పిల్ల గొంతు వణకలేదు. వణికి ఉంటే మాదేశన్‌కు ఇంత భయం వేసేది కాదు. పోతే మళ్ళీ వచ్చే రకం కాదని అతనికి తెలుసు.

* * *

మరునాడు తెల్లవారగానే తిమ్మరాయన్ కోడలికి విషం అందించే బయటి కుట్రదారుణ్ణి పట్టడానికి మారువేషం కట్టాడు. పెళ్ళినాటి సఫారీ సూటు, నల్ల కళ్ళద్దాలు, చెవిలో సెంటు దూది. "ఈ రోజు నేను బెంగళూరు వ్యాపారిని. విషం మండీలో చేతులు మారుతా ఉంది."

"ఏమన్నా తిని పోదాం రా" అన్నాడు మాదేశన్.

"ఆకలి బుద్ధికి సాన" అన్నాడు పరిశోధకుడు.

మండీలో మూటలు వరుసగా విప్పి పెట్టారు. తూకం వేసే వీరన్ ఎదురొచ్చాడు. "నోరు పస్తేనా సార్? తిన్న నాలుకకు పులుపు తెలీదు. మా దగ్గర ఏలం అయ్యిందాకా అందరికీ పస్తే."

"బెంగళూర్లో కూడా అంతే" అన్నాడు తిమ్మరాయన్ గంభీరంగా.

కొనేవాడు ప్రతి మూటలోనూ చిటికెడు గిల్లి నోట్లో వేసుకుని చప్పరించాలి. ఈ ఏటి కాయా, పాత సరుకా, ఉప్పు కలిపారా, తడి చల్లారా, అంతా నాలుకే చెప్పాలి. చప్పరించని వ్యాపారిని ఎవరూ వ్యాపారి అనరు. వేషం బయటపడకూడదు కాబట్టి తిమ్మరాయన్ మొదటి మూట నుంచి మొదలుపెట్టాడు. ముందర గోవిందన్, వెనక తిమ్మరాయన్. గిల్లడం, చప్పరించడం, "ట్చ్" అనడం.

పన్నెండో మూట దగ్గర నోటుబుక్కు తీశాడు. 'తొమ్మిదిన్నర. ఇంతవరకు గోవిందన్ నోట్లోకి ఏమీ పోలేదు.'

ఇరవయ్యో మూట దగ్గర గోవిందన్ దవడ పట్టుకుని, జేబులోంచి ఏదో చిన్న కాగితం పొట్లం తీసి, చించి, అందులోది నోట్లో వేసుకున్నాడు. 'పంటి నొప్పి కాబోలు. కేసుకు సంబంధం లేదు.'

ముప్పై రెండో మూట దాటేసరికి తిమ్మరాయన్ ముఖం ముడుచుకుపోయింది. సరిగ్గా పదకొండు గంటలకు బొడ్డు పైనుంచి గొంతు దాకా ఎవరో కొరివి పెట్టి గీసినట్టయింది. చింతపండు మూట మీదే కూలబడ్డాడు.

"మాదేశా! నన్ను కూడా లేపేసినారు! ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు, అయినా లేపేసినారు! ఎవరో చెప్పలేను కానీ చాలా తెలివైనవాడు! నా పెండ్లాం పొన్నికి చెప్పు, దుకాణం తాళంచెవి మోటారు డబ్బాలో ఉందని..."

"నాకూ అట్లే ఉంది" అని గోవిందన్ కూడా ఛాతీ పట్టుకున్నాడు.

మాదేశన్ ఇద్దర్నీ ఆటోలో కుక్కి ఆసుపత్రికి తోలాడు.

డాక్టర్ శశికళ తిమ్మరాయన్ పొట్ట నొక్కి చూసింది. "పొద్దున్నుంచి ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. ఒట్టి కడుపు."

"ఏమీ?"

"ఊరికే చింతపండు రవ్వంత నోట్లో వేసినా."

"ఎంత?"

"ముప్పై రెండు మూటలు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. గోవిందన్‌కు కోపం వచ్చింది. "అది తిండి కాదు డాక్టరమ్మా. యాపారం!"

"మీరు కూడా రోజూ ఇట్లే చేస్తారా?"

"రెండు నెలల కింద మాసి నెలలో సీజను మొదలైనప్పట్నుంచి రోజూ. ఇరవై ఏండ్లుగా చేస్తా ఉండా. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ ఏడే నోట్లో పండ్లు పులిసిపోయి నొప్పి. అందుకే మెడికల్ షాపులో మాత్ర కొని దినానికి రెండు వేసుకుంటా ఉండా."

"తిన్నాకా?"

"తినకూడదు కదా! నాలుక పస్తుండాల!"

మాదేశన్‌కు ఒక్కసారిగా వెలుగు కనిపించింది. మాసి నెలలో గోవిందన్ బతుకులో అడుగుపెట్టింది కవిప్రియ ఒక్కతే కాదు. చింతపండూ, దానితో పంటి నొప్పి మాత్రా కూడా.

డాక్టరమ్మ చాలాసేపు చీవాట్లు పెట్టింది. ఆ నొప్పి మాత్రలు పస్తు కడుపులో పడితే లోపలి పొర వాచి పుండవుతుందట. దాని మీద రోజూ పులుపు! నొప్పి మాత్రలు ఈ రోజే ఆపాలి, పంటికి పంటి డాక్టర్ని చూడాలి. మండీకి తిని పోవాలి, చప్పరించింది ఉమ్మేసి నోరు కడుక్కోవాలి. రాత్రి పెందలాడే తినాలి, తినగానే పడుకోకూడదు. తను రాసిచ్చిన మాత్ర తిండికి అరగంట ముందు, నెల రోజులు.

"తగ్గిందని మధ్యలో ఆపితే చూడండి! తగ్గకపోతే గొట్టం వేసి చూస్తాం. విరేచనం నల్లగా పోతే అదే రోజు రావాల" అంది.

తిమ్మరాయన్‌కు ఒక గ్లాసు తెల్లటి మందు తాగించి పంపేసింది.

* * *

వాళ్ళు ఇంటికి చేరేసరికి కవిప్రియ సంచితో వాకిట్లో నిలబడి ఉంది. మాదేశన్ ఆటో ఆపగానే సంచి వెనక సీట్లో పెట్టేసింది.

తిమ్మరాయన్ గొంతు సవరించుకున్నాడు. "ప్రాణం పణంగా పెట్టి హంతకుణ్ణి పట్టుకున్నా! హంతకుడు గోవిందన్నే! హతుడు కూడా..."

"నోరు ముయ్యరా" అని మాదేశన్ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. గోవిందన్ తల వంచుకున్నాడు. "బిడ్డ తప్పేమీ లేదు పంచవర్ణం. రేపట్నుంచి నేను ఆరు గంటలకే తిని పోవాలంట."

క్షమించమనే మాట ఆ ఇంట్లో అత్తల నోట ఎప్పుడూ వినబడలేదు. పంచవర్ణం నోరూ తిరగలేదు. లోపలికి పోయి పీట వేసుకుని కూర్చుంది. ముందు ఒట్టి పళ్ళెం పెట్టుకుంది.

"పొద్దున్నుంచి నేనూ తినలేదు. కొంచెం పెరుగన్నం కలిపి పెట్టు తల్లీ. నీ చేత్తోనే" అంది.

కవిప్రియ అత్తనూ చూసింది, పళ్ళేన్నీ చూసింది. కళ్ళు తుడుచుకుని కొంగు దోపుకుంది.

వెనకనుంచి తిమ్మరాయన్ వేలెత్తాడు. "ఒక్క నిమిషం! ఆ అన్నాన్ని ముందు నేను పరీక్ష..."

"చిన్నాయనా," అంది కవిప్రియ వంటింట్లోకి పోతూ, "ఆటోలోంచి నా సంచి దించు. డిటెక్టివ్ మామను ఎక్కించు."