కుర్రాబిన్ ఐస్‌క్రీం డబ్బా

కౌన్సిల్ కార్యాలయంలో నీరు కారడం అదుపులోనే ఉందనీ, ప్రజలు ఆందోళన చెందనక్కర్లేదనీ కుర్రాబిన్ మేయర్ మెర్విన్ హాస్కింగ్ సోమవారం ప్రకటించారు. ప్రజలు ఆందోళన చెందలేదు. కారుతున్న సంగతి వాళ్ళకు ఆ ప్రకటనతోనే తెలిసింది.

కారింది కౌన్సిల్ కంప్యూటర్. ఏరు ఎప్పుడు పొంగుతుందో లెక్కకట్టడానికి దాన్ని కొన్నారు. వేడెక్కకుండా దాని గొట్టాల్లో నీలం రంగు ద్రవం తిరుగుతుంది. ఒక గొట్టం అతుకు దగ్గర వదులైంది. యంత్రం ఆపి బిగిస్తే సరిపోయేది. కానీ ఆపితే వరద హెచ్చరిక ఆగుతుంది, ఆగితే ఎవరో ఒకరు బాధ్యత వహించాలి. అందుచేత ఆపకుండా కింద ఐస్‌క్రీం డబ్బా పెట్టారు. చుట్టూ ట్రాఫిక్ కోన్లు పెట్టారు. ఆ గదిలోకి వెళ్ళేవారు రోడ్డు పనివాళ్ళు వేసుకునే మెరిసే జాకెట్టు వేసుకోవాలని ఉత్తర్వు వెలువడింది. డబ్బా ఎంత నిండిందో స్థానిక రేడియో రోజూ ఉదయం చెప్పింది. ఏటి మట్టం చెప్పడానికి సమయం చాలలేదు.

బుధవారానికి గొట్టాల్లో ద్రవం తగ్గింది. అసలు ద్రవం సిడ్నీ నుంచి రావాలని కంప్యూటర్ చూసుకునే ట్రెంట్ బిక్లీ చెప్పాడు.

"సిడ్నీ నీళ్ళు మనకెందుకురా? మా ట్యాంకులో వాననీళ్ళు పోద్దాం," అన్నారు మేయర్.

"యంత్రానికి అవి పడవేమో, మెర్వ్."

"మా నాన్నకు పడ్డాయి. నీ పెట్టె మా నాన్నకంటే గొప్పదా?"

కరువు ఊళ్ళో ఒకరింటి ట్యాంకు నీళ్ళను శంకించడం మర్యాద కాదు. ట్రెంట్ యంత్రం మూత విప్పాడు. ఏ వీధీ చిన్నబుచ్చుకోకుండా ప్రతి కౌన్సిల్ సభ్యుడూ తన ఇంటి ట్యాంకు నుంచి ఒక సీసా తెచ్చి పోశాడు. నీళ్ళతో పాటు నాచు, యూకలిప్టస్ ఆకు తునకలు కూడా సమాన ప్రాతినిధ్యంతో లోపలికి వెళ్ళాయి.

గురువారం కారడం ఆగింది. గొట్టాలు పూడుకుపోయి, ద్రవాన్ని తిప్పే పంపు నిలిచింది. దాంతో కంప్యూటర్ కూడా ఆగింది. కార్యాలయం బయటి వరద హెచ్చరిక బోర్డు మీద దాని చివరి మాట అలాగే ఉండిపోయింది: "ఏరు మామూలే." విజయం సాధించినట్టు కౌన్సిల్ తీర్మానించింది. శనివారం ఏటి ఒడ్డున ఊరందరికీ సాసేజులు కాల్చి పెట్టాలని నిశ్చయించింది.

శనివారం ఉదయం కోరల్ ట్రాంటర్ కౌన్సిల్ కార్యాలయానికి వచ్చింది. ఆమె ఇల్లు ఏటి పక్కనున్న క్రీక్ వీధిలో అన్నిటికన్నా పల్లం. ఎగువన కుండపోతగా కురుస్తోందని చెల్లెలు ఫోన్ చేసింది. దాంతో కోరల్ కోళ్ళను బుట్టల్లోకి ఎక్కించి, పోయిన భర్త ఫోటోలతో సహా కారులో పెట్టుకుని వచ్చింది.

"పోనా, ఉండనా మెర్వ్? సూటిగా చెప్పు."

"బోర్డు చూడు కోరల్. పైగా కారడం కూడా ఆగిపోయింది."

"నేను ఏరు సంగతి అడుగుతుంటే నువ్వు డబ్బా సంగతి చెబుతావేంటయ్యా?"

"రెండూ మేమే చూసుకుంటున్నాం. ఆ కోళ్ళను ఇంట్లో దింపేసి వచ్చి సాసేజ్ తిను."

ఆమె బోర్డు చూసింది. కోళ్ళనూ ఫోటోలనూ ఇంట్లో దించి వచ్చింది.

ఆకాశంలో మబ్బు లేదు. మేయర్ డబ్బా పైకెత్తి ప్రసంగించారు. "ఒక్క చుక్క కూడా నేల మీద పడనివ్వలేదు. ఇదీ కుర్రాబిన్!" అన్నారు. చప్పట్లు ఆగేసరికి క్రీక్ వీధిలో నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. కోళ్ళూ పోయాయి, ఫోటోలూ పోయాయి.

విచారణ టౌన్ హాల్లో జరిగింది. సాసేజులు కాల్చిన బార్ట్ క్రెగన్‌ను విచారణ అధికారి అడిగాడు.

"ఏటి ఒడ్డునే ఉన్నారు కదా. నీళ్ళు పెరగడం ఎవరూ చూడలేదా?"

"ఎందుకు చూడలేదు? పొయ్యి తడుస్తోందని రెండుసార్లు పైకి జరిపాం."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"బోర్డు మీద మామూలే అని ఉంది కదండీ."

వెనక వరసలో కోరల్ లేచి నిలబడింది. బార్ట్ తల వంచుకున్నాడు. ఆమె తిడుతుందని అందరూ సర్దుకు కూర్చున్నారు.

"రెండోసారి పొయ్యి అవతలి కొస పట్టుకుంది నేనే," అంది.