మైజె కుటుంబానికి పన్నెండు పేజీల లేఖ

నాగరికత నిప్పుతోనో చక్రంతోనో మొదలైందనుకునేవాళ్లు అమాయకులు. స్టుట్‌గార్ట్‌లోని మా గృహ సహకార సంఘం లెక్క ప్రకారం, మనిషి పోస్టు డబ్బా మీద తన పేరు అంటించుకున్న రోజునే అది మొదలైంది. డబ్బా మీద పేరున్నవాడు ఉన్నట్టు. లేనివాడు ఎదురుగా నిలబడి తుమ్మినా లేనట్టే.

ఈ వసంతంలో, ఖాళీగా ఉన్న మూడో నంబరు ఇంటి డబ్బాలో మైజె పిట్టలు గూడు పెట్టాయి. నీలి నెత్తి, పసుపు పొట్ట, గుప్పిట్లో ఇమిడిపోయే ఒళ్లు. డబ్బా సరిగ్గా మా వంటింటి కిటికీ కింద ఉంది. మా ఏడేళ్ల అమ్మాయి యూలె బడి నుంచి రాగానే కిటికీ గట్టెక్కి, తల్లిపిట్ట ఎన్ని పురుగులు తెచ్చిందో నోటుపుస్తకంలో గీతలు గీసేది. మే మొదట్లో ఒకరోజు తల్లి అలా ఎగరగానే ఉత్తరాలు వేసే సందులోంచి తొంగిచూసి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఏడు నోళ్లు! అన్నీ తెరిచే ఉన్నాయి!"

(మా సంఘం సర్వసభ్య సమావేశమూ అంతే. కాకపోతే అక్కడ ఎవరూ ఏమీ పెట్టరు.)

మర్నాడే డబ్బాల క్రమబద్ధీకరణ అధికారి క్నోప్ఫ్లె గారు తనిఖీకి వచ్చారు.

"దీనికి పేరు లేదండీ. పేరు లేని డబ్బాని శుక్రవారంలోగా పీకేయాలి."

"లోపల పిల్లలున్నాయండీ."

"ఎవరి పిల్లలు?"

"పిట్ట పిల్లలు."

"ఏదైనా సరే, పేరుండాలి కదా?"

యూలె లోపలికి పరిగెత్తి, చీటీ మీద 'మైజె కుటుంబం' అని రాసి తెచ్చి అంటించింది. క్నోప్ఫ్లె గారు స్కేలు తీసి అక్షరాల ఎత్తు కొలిచారు. "ఆఁ, ఇప్పుడు బాగుంది తల్లీ" అన్నారు. ఆ క్షణాన ఆయన్ని మంచివాడనుకున్నాను. బుద్ధి తక్కువ.

పేరు వచ్చింది కాబట్టి కుటుంబం వచ్చింది. కుటుంబం వచ్చింది కాబట్టి ఫైలు వచ్చింది. సంఘం చరిత్రలో తొలిసారిగా మూడే రోజుల్లో తీర్మానం జరిగింది: ఏడు పిల్లలూ ఎగిరిపోయేదాకా ఆ డబ్బాను ఎవరూ తాకరాదు. పన్నెండు పేజీలు, మూడు అనుబంధాలు. చిరునామా: మైజె కుటుంబం, మూడో నంబరు. లేఖ చిరునామాదారుకు చేరాలన్నది నియమం గనక, గురువారం పొద్దున్నే క్నోప్ఫ్లె గారు స్వయంగా వచ్చి దాన్ని ఆ డబ్బా సందులో కుక్కి వెళ్లారు. అది సగం దూరి ఇరుక్కుంది.

ఆ రోజంతా చలివాన. బడి నుంచి యూలె వచ్చేసరికి తల్లిపిట్ట నోట పురుగుతో డబ్బా చుట్టూ తిరుగుతోంది. యూలె సంఘానికి ఫోన్ చేస్తే క్నోప్ఫ్లె గారే ఎత్తారు.

"అంకుల్, మీ కాగితం అడ్డంగా ఉంది. వాళ్లమ్మ లోపలికి వెళ్లలేకపోతోంది. వచ్చి తీసేయండి!"

"ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోకూడదమ్మా. ఆ కాగితంలో రాసింది అదే."

యూలె ఫోన్ పెట్టేసి, వంటింటి పట్టకారు తెచ్చి లేఖను లాగేసింది. ఈసారి నాలుగు నోళ్లే తెరుచుకున్నాయి. నేను ఇంటికి వచ్చేసరికి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, గీతలేవీ గీయకుండా కూర్చుని ఉంది.

జూన్‌లో నాలుగు పిల్లలూ ఎగిరిపోయాయి. అదే వారం యూలె పేరున మందలింపు వచ్చింది, ఇతరుల ఉత్తరాన్ని అనుమతి లేకుండా తీసినందుకు. శరదృతువులో సంఘం వార్షిక నివేదిక రంగుల్లో వెలువడింది. మూడో పేజీలో క్నోప్ఫ్లె గారు డబ్బా పక్కన నిలబడి నవ్వుతున్నారు. కింద 'సంఘం కాపాడిన పిట్టలు: ఏడు' అని ఉంది.

ఫోన్ చేశాను.

"ఏడు కాదండీ, నాలుగు. మూడు చచ్చిపోయాయి."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఆ లేఖలోనే అభ్యంతరాలకు నాలుగు వారాల గడువిచ్చామండీ" అన్నారు క్నోప్ఫ్లె గారు మర్యాదగా. "మైజె కుటుంబం నుంచి రాతపూర్వకంగా ఏమీ రాలేదు."