రాతికళ్ళం రక్షణ

ఆఫ్రికాలోని లెసోతో దేశపు కొండల్లో ఉన్న హా థెబె ఊరి రాతికళ్ళాన్ని, దానిమీద జొన్నలు నూర్చుకునే జనం బారినుంచి ప్రభుత్వం విజయవంతంగా కాపాడింది. ఈ శుభవార్త అక్కడ ఏటా నూర్చుకునే మాపులానే అనే పెద్దావిడకు అందరికన్నా ఆఖరున తెలిసింది. కంకుల మూట నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి కంచె ఎదురైంది.

ఆ రాతిమీద ఇరవై కోట్ల ఏళ్ళనాటి డైనోసార్ అడుగులు పదకొండున్నాయి. కోతలయ్యాక ఊరి ఆడవాళ్ళంతా చేరి, పాటలు పాడుతూ కర్రలతో కంకులు కొట్టేవారు. అడుగుల గుంటల్లో దాక్కున్న గింజల్ని వేళ్ళతో ఏరి, రాయిని అద్దంలా ఊడ్చి, మాపులానే కాచిన జొన్నకల్లు తాగి ఇళ్ళకు పోయేవారు. తరతరాలుగా ఇంత ఘోరం జరుగుతున్నా అడుగులు ఎలా మిగిలాయో ప్రభుత్వం తరఫున కంచె వేయించిన భూవారసత్వ ఉద్యానవన సంఘానికి అంతుబట్టలేదు.

సంఘాధ్యక్షులు లెబాకా గారు కంచె పక్కనే నిలబడి ఉపన్యసించారు. “అమ్మలారా, ఇది ప్రపంచమంతటి సొత్తు. మీరు దీన్ని ముట్టుకోకపోతే చాలు, అదే సేవ.”

“మరి నా జొన్నలెక్కడ కొట్టుకోనయ్యా? మట్టిలో కొడితే ఇసుక నమలాలి,” అంది మాపులానే.

“త్యాగం లేనిదే పర్యాటకం లేదమ్మా.”

“త్యాగం మాకూ, ఫోటోలు మీకూనా నాయనా?” అంది పక్కింటావిడ. సంఘం నివేదికలో ఇది ప్రజల హర్షధ్వానంగా నమోదైంది.

ఆ ఏడు మాపులానే వాకిట్లో దుప్పటి పరిచి కొట్టింది. సగం గింజ మట్టిపాలైంది. మిగిలినదానితో గంజి కాస్తే పళ్ళకింద కరకర. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

ఊడ్చేవాళ్ళు లేక రెండు వానాకాలాలకు రాతిమీద మట్టి పేరుకుంది, గడ్డి మొలిచింది, అడుగులు కనుమరుగయ్యాయి. “రక్షణ సంపూర్ణం. ఇక వాటికి మనిషి చూపు కూడా సోకదు,” అని సంఘం పైఅధికారులకు రాసింది. సందర్శకుల సౌకర్యార్థం పక్కనే సిమెంటుతో డైనోసార్ అడుగులు పదకొండు పోయించింది.

మాపులానే చీపురు పట్టుకుని వెళ్ళింది. “నేను ఊడుస్తానయ్యా, ఊరికే.”

“శాస్త్రీయ శిక్షణ ఉందా అమ్మా?”

“నలభై ఏళ్ళు ఊడ్చాను.”

“కాగితం?”

కాగితం లేదు. అయినా సంఘానిది జాలిగుండె, ఆమెకు వేరే కొలువిచ్చింది. శనివారం శనివారం సందర్శకుల ఎదుట, అక్కడివాళ్ళు పండగలకు కప్పుకునే దుప్పటి వేసుకుని సిమెంటు నేలమీద ఒట్టి చొప్ప కొట్టాలి. గింజ ఉంటే సందర్శకులు జారిపడతారని నిబంధన.

మొన్నొక సందర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ అక్కడి అభిప్రాయాల పుస్తకంలో ఇలా రాశాడు: “ఎంత చక్కని ఆచారం. ఈ జనం దీన్ని వదులుకోకుండా ఎవరైనా నచ్చచెప్పాలి.” సంఘం గుమాస్తా చదివి వినిపిస్తే మాపులానే, “పాపం, మంచోడే,” అని, దారిలో కొట్టు దగ్గర ఆగి సంచీ పిండి కొనుక్కుని ఇంటికి పోయింది.

ఆ పుస్తకంలో ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి. మనం వెళ్ళినా రాసేది అదే మాట, కాకపోతే తెలుగులో రాస్తాం.