ఆఖరి తారీఖు పాట

సతీష్‌కు నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో పని దొరికింది. మధ్యాహ్నం రెండింటికి జగదల్‌పూర్ బస్సు ఎక్కాలి. కనుక ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: పన్నెండులోగా ఒక పాట రికార్డు చెయ్యడం, తినడం, సతీష్‌ను బస్సెక్కించడం. మూడేళ్లుగా వినాయక మండపాల దగ్గర వాయిస్తున్న సతీష్ వాళ్ల ముగ్గురి రాక్ బ్యాండుకు సొంత పాట ఒక్కటీ లేదు. డ్రమ్ములు వాయించే సతీష్ వెళ్లిపోతే ఇక ఉండబోదు.

గిటారు రాజశేఖర్‌ది. సర్కారు పనంతా హిందీలో నడిచే సరిహద్దు ఊరు భోపాల్‌పట్నంలో, ఎరువుల దుకాణంలో పనిచేస్తూ, బస్తాల మధ్య కూర్చుని ఆ పాట రాసిందీ అతడే. పాడేది చెల్లెలు ప్రశాంతి. తన లాప్‌టాప్‌లో రికార్డు చేసేదీ ఆమే. చోటు మాత్రం ఊళ్లో వాళ్ల నాయన రామనర్సయ్య రేకుల కొట్టం. కొత్త వడ్లు రావడానికి నెల ఉంది కాబట్టి ఖాళీగా ఉంది. బయటి చప్పుడు రాకుండా కిటికీలకూ తలుపుకూ గోనెసంచులు వేలాడదీశారు.

మొదటి పల్లవి పూర్తికాకముందే రాజశేఖర్ ఆంప్లిఫయర్ కాస్త పొగ వదిలి ఊరుకుంది.

"నేను చెప్పలేదా, అది పాతదని," అన్నాడు సతీష్ గడియారం చూసుకుంటూ.

మూలన ఇంకొకటి ఉంది. ధాన్యం సొసైటీ కంప్యూటర్ ఆపరేటర్ ప్రవీణ్‌కుమార్ ఊరికి చాటింపు వెయ్యడానికి తెచ్చిపెట్టుకున్నది. సర్కారుకు వడ్లు అమ్మాలంటే రైతులు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. దానికి ఊళ్లో అందరూ అనే మాట పంజీయన్. పదిహేను రోజులుగా అతడు హిందీలో అరుస్తూనే ఉన్నాడు. ఇంకా టైముందని ఎవరూ కదలడం లేదు. రాజశేఖర్ గిటారునూ మైకునూ ఆ ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. దాని వెనక నుంచి ఒక తీగ రేకుల సందులోంచి బయటపడి, ఊరి చివర నీళ్ల ట్యాంకు మీది హారన్‌ను చేరుతుందని ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

ప్రశాంతి కళ్లు మూసుకుని పాడింది.

"ఇదే ఆఖరి తారీఖు, మళ్ల నేను పిలువను
ఉన్నదంత పట్టుకొని వచ్చెయ్, వచ్చెయ్"

రాజశేఖర్ ఉద్దేశంలో అది అలిగిన ప్రేమికుడి పాట. ఆమె ఆపిన అరక్షణానికి ఎక్కడి నుంచో "వచ్చెయ్, వచ్చెయ్" అని మళ్లీ వినబడింది.

"అన్నా, ఆ రెండోసారి ఎవలు పాడిన్రు?"

"ఎకో. మన కొట్టంల ఇంత మంచి ఎకో ఉంటదని ఎవలనుకున్నరు," అని రాజశేఖర్ రేకుల కేసి మెచ్చుకోలుగా చూశాడు. "ఇంకోసారి పాడు."

ఇంకోసారి పాడింది. అతనికి ఏదో వెలితిగా తోచింది. ఏమిటో చెప్పలేకపోయాడు. అలా ఎనిమిదిసార్లు అయ్యాయి.

పక్కింటి తిరుపతమ్మ రెండోసారికే చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. హిందీలో పదిహేను రోజులు పిలిచినా కదలని మనిషి, తెలుగులో, అదీ ఏడుపు గొంతుతో ఆఖరి తారీఖు అనేసరికి భయపడింది. ఉన్నదంతా తెమ్మన్నారు కనుక ఆధార్ కార్డు, భూమి పట్టా, బ్యాంకు పుస్తకం తీసింది. ఎందుకైనా మంచిదని పెళ్లినాటి ఫొటో కూడా సంచిలో వేసుకుంది. ఆమెను చూసి వీధి కదిలింది, వీధిని చూసి దొర్ల ఆదివాసుల గూడెం కదిలింది. గొంతు ఏ దిక్కునుంచి వస్తున్నా చాటింపు మైకు ఉండేది కొట్టంలోనే అని అందరికీ తెలుసు.

చేను నుంచి వచ్చిన రామనర్సయ్య కొట్టం ముందు జనాన్ని చూశాడు. తన కొట్టంలో సర్కారు పని జరుగుతుంటే తాను ఊరుకోవడం బాగుండదనిపించింది. లోపల ఎవరున్నారో చూడకుండానే, "ఆడోళ్లు ఇటు, మొగోళ్లు అటు. కాయితాలు చేతుల పట్టుకోండ్రి," అని వరుసలు కట్టించాడు.

వరుసలో ముందున్నవాడు జోగే అనే రైతు. పాటలో "వచ్చెయ్" అన్నప్పుడల్లా, వచ్చినట్టు లోపలివాళ్లకు తెలియాలని, రేకు తలుపు మీద రెండు గుద్దులు గుద్ది "మా పేరు రాయి" అన్నాడు. వెనకవాళ్లూ అందుకున్నారు.

ప్రశాంతి కళ్లు తెరిచింది. "అన్నా, ఎకో వేరే మాటలు చెప్తాంది."

రాజశేఖర్ కిటికీ గోనెసంచి తొలగించాడు. రెండు వందల మంది ఒక్కసారిగా కాగితాలు ఎత్తి చూపించారు.

"బిడ్డా, ఈ ఫొటో చాల్తదా?" అంది తిరుపతమ్మ.

అతడు గోనెసంచిని జాగ్రత్తగా మళ్లీ వేశాడు.

ఇంతలో తనకు చెప్పకుండా పంజీయన్‌కు ఎవరు పిలుస్తున్నారో తేల్చుకుందామని ప్రవీణ్‌కుమార్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వెనక తలుపు తోసుకుని లోపలికొచ్చి గిటారునూ, తన ఆంప్లిఫయర్‌నూ మార్చి మార్చి చూశాడు.

"సార్, తప్పైంది," అన్నాడు రాజశేఖర్. "ఇప్పుడే బంద్ చేస్తం. బయటికి పోయి ఇది పాట అని చెప్త."

ప్రవీణ్‌కుమార్ కిటికీ సందులోంచి వరుసలు చూశాడు. పదిహేను రోజుల్లో అతని జాబితాకెక్కింది పదకొండు మంది.

"బంద్ చేస్తే అందరు వాపస్ పోతరు," అన్నాడు మెల్లగా. "చాలూ రఖో. నడవనియ్యండ్రి."

"సార్, నాకు రెండింటికి బస్సున్నది," అన్నాడు సతీష్.

"బస్సు రేపు గూడ వస్తది. వీళ్లు రారు."

తలుపు బయట బల్ల వేసుకుని అతడు పేర్లు రాయడం మొదలుపెట్టాడు. లోపల పాట సాగింది. పదిహేనోసారికి ప్రశాంతి గొంతు జీరపోయింది. రాజశేఖర్ వేళ్లు బొబ్బలెక్కి, కష్టమైన స్వరాలన్నీ వదిలేసి మూడింటితో సరిపెట్టాడు. సతీష్ చేతులు అలిసి, తన సొంత విన్యాసాలు మానేసి, జోగే గుద్దుల వెంట నడవసాగాయి. నమోదు అయిపోయినవాళ్లు కూడా ఇళ్లకు పోలేదు.

ఇరవైరెండోసారి ప్రశాంతి "వచ్చెయ్" అనగానే రేకు మీద రెండు దెబ్బలు, ఆ వెంటనే రెండు వందల గొంతులు, "మా పేరు రాయి". రాజశేఖర్ ఒక తీగ తప్పు మీటాడు. మీటి కూడా ఆపలేదు. సతీష్ గడియారం చూసుకోవడం మరిచి చాలాసేపైంది.

సాయంత్రం విన్నప్పుడు రాజశేఖర్ ముఖం ముడుచుకున్నాడు. "ఆ గుద్దులు, అరుపులు తీసెయ్యి."

"తీస్తే ఏం మిగుల్తది, అన్నా?"

అతడు ఇంకోసారి విన్నాడు. అలాగే ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మర్నాడు సతీష్ ఎక్కిన బస్సు జగదల్‌పూర్ చేరేలోపే వెనక సీటులో ఎవరి ఫోనులోనో అతని డ్రమ్ములు వినిపించాయి.

ఆరేళ్లయింది. సరిహద్దు నదికి రెండు వైపులా ఆ పాట లేకుండా ఊరేగింపు కదలదు. ఈమధ్య హైదరాబాద్ నుంచి ఒక పత్రికా విలేకరి వచ్చాడు. "మా పేరు రాయి అన్నది చరిత్రలో చోటు దొరకని సరిహద్దు ప్రజల ఘోష కదా? ఆ మాట మీకు ఎలా తట్టింది?" అని అడిగాడు.

రాజశేఖర్ చెల్లెలి వైపు చూశాడు.

"ఊరికె తట్టలేదు సార్," అన్నాడు. "తలుపు తట్టింది."

విలేకరి తల పంకించి ఆ లోతైన మాట కూడా రాసుకున్నాడు.