ఇల్లు లేనివారి ఇంటింటి సర్వే

వచ్చే నెల ఒకటో తారీఖు ఉదయం పది గంటల నుంచి నగరంలో ఇల్లు లేనివాళ్ళు ఉండబోరని మంత్రిగారు ప్రకటించారు. పదింటికే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన నిద్రలేచేది తొమ్మిదిన్నరకి. అంతకుముందు ఏ సంస్కరణా మొదలుకాదని విలేకరులందరికీ తెలుసు.

కొత్తగా చేరిన విలేకరి ఒకాయన మాత్రం లేచి, "అయ్యా, ఇప్పుడు ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగాడు.

"ఎంతమంది ఉంటేనేం? ఒకటో తారీఖుకి ఉండరు," అన్నారు మంత్రిగారు.

హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న కార్పొరేషన్ కమిషనర్‌గారికి ఆ మాటలోని దయకి కళ్ళు చెమర్చాయి. జేబురుమాలుతో ఒత్తుకుంటూ, ఈ పని ఎవరి నెత్తిన పెట్టాలా అని ఆలోచించారు.

అది గుమాస్తా నెత్తిన పడింది. ఆఫీసులో గుమాస్తాలు చాలామందే ఉన్నారు గానీ, "ఏమయ్యా" అని వినబడగానే అటూ ఇటూ చూడకుండా లేచి నిలబడేది ఈయనొక్కడే. దానికి కారణం క్వార్టర్. ఆఫీసు వెనక రెండు గదులు, ఒక వంటిల్లు, రోజుకి గంటసేపు నీళ్ళొచ్చే కుళాయి. అందులో ఆయనా, ఆయన భార్యా పదకొండేళ్ళుగా ఉంటున్నారు. గడువు ఏనాడో తీరిపోయింది. కమిషనర్‌గారు దయతలిచి ఆర్నెల్లకోసారి పొడిగిస్తూంటే ఉంటున్నారు. ఆ సంతకం ఒక్కటి ఆగితే మొగుడూ పెళ్ళాలు వీధిన పడాలి. అందుచేత గుమాస్తా ఆర్నెల్లకోసారి నిద్ర మానేసేవాడు.

"మంత్రిగారు మాటిచ్చేశారయ్యా. ముందు సర్వే చెయ్యి," అన్నారు కమిషనర్‌గారు. "నీ పొడిగింపు కాగితం ఇదిగో, నా టేబుల్ మీదే ఉంది. పని చూసి సంతకం పెడతాను."

"చిత్తం సార్. సర్వే ఎలా చెయ్యమంటారు?"

"అదేం ప్రశ్న? ఏ సర్వే అయినా ఎలా చేస్తాం? ఇంటింటికీ వెళ్ళి."

"అది కాదు సార్, ఇల్లు లేనివాళ్ళని..."

"అందుకే చెప్తున్నాను. ఒక్క ఇల్లు కూడా వదలకూడదు."

గుమాస్తా ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. పద్దెనిమిది రోజులు ట్యాబ్ చంకలో పెట్టుకుని, ఎర్రటి ఎండలో తలుపు తలుపూ తట్టాడు. "ఈ ఇంట్లో ఇల్లు లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అని వినయంగా అడిగాడు.

ఒకింటాయన గొంతు బాగా తగ్గించి, "మా అల్లుడున్నాడండీ. పండక్కి రమ్మనలేదు, పబ్బానికి రమ్మనలేదు, మూడేళ్ళ క్రితం తనే వచ్చాడు. రాసుకుంటే తీసుకెళ్తారా?" అన్నాడు. లోపల్నుంచి కూతురు "నాన్నా!" అని కేకేసేసరికి, రాయొద్దని చేతులు జోడించాడు.

మరో ఇంట్లో రిటైరైన ఆఫీసరుగారు వాలుకుర్చీలోంచి లేవకుండానే తన అభిప్రాయం చెప్పారు. "వాళ్ళంతా కావాలనే అలా ఉంటారయ్యా. హాయి కదూ? ఇంటిపన్ను లేదు, కరెంటు బిల్లు లేదు, చుట్టాల బెడద లేదు." అయితే మీరూ వెళ్ళి ఉండొచ్చు కదా సార్ అనే మాట గుమాస్తా నాలుక చివరిదాకా వచ్చింది. క్వార్టర్ గుర్తొచ్చి మింగేశాడు.

చివరి వీధిలో మూడంతస్తుల మేడ ఉంది. అక్కడి మేడమ్‌గారు సమాజసేవ చేస్తారు. గుమాస్తాని గేటు బయటే నిలబెట్టి బాధపడ్డారు. "అయ్యో పాపం, వాళ్ళని తలుచుకుంటే నాకు ముద్ద దిగదండీ. ఎక్కడో ఒకచోట వాళ్ళకి ఏర్పాటు చెయ్యండి. ఎక్కడైనా సరే. మా వీధిలో తప్ప. ఇవ్వడానికి నేను స్వెట్టర్లు కూడా తీసిపెట్టాను. ఫొటో తీసేవాళ్ళు దొరక్క ఆగాను."

అలా మొత్తం ఇళ్ళన్నీ అయ్యాయి. ఇల్లు లేనివాడు ఏ ఇంట్లోనూ కనబడలేదు.

ఆఫీసు ఎదురుగా బస్ షెల్టర్ ఉంది. ఆ రూటులో బస్సులు మానేసి చాలా కాలమైంది గానీ షెల్టర్ మిగిలింది. అందులో సిమెంటు బెంచీ మీద గొడుగుల తాత ఉంటాడు. పగలు గొడుగులు బాగుచేస్తాడు, చీకటి పడ్డాక అదే బెంచీ మీద పడుకుంటాడు. పేరేమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సర్వే ముగించుకుని వస్తూ గుమాస్తా ఊచ విరిగిన తన గొడుగు బాగుచేయించుకుందామని ఆగాడు.

"పద్దెనిమిది రోజుల నుంచీ చూస్తున్నా, ఎక్కడికి బాబూ ఈ తిరుగుడు?"

"ఇల్లు లేనివాళ్ళ కోసం వెతుకుతున్నాను తాతా."

తాత చేతిలో ఊచ ఆపి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "దొరికారా?"

"లేదు."

"మరి నన్ను రాసుకోరాదూ?"

గుమాస్తాకి సిగ్గేసింది. ట్యాబ్ తెరిచి, "డోర్ నంబరు చెప్పు," అన్నాడు.

"డోరెక్కడుంది బాబూ ఇక్కడ? గోడలే మూడు."

డోర్ నంబరు గడి ఖాళీగా వదిలితే ట్యాబ్ ముందుకి కదలదు. గుమాస్తా మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ ఎర్ర అక్షరాలొచ్చాయి. తాత గొడుగు తెరిచి మూసి చూపించి, "పోనీలే, నీ గొడుగు మాత్రం బాగైంది," అన్నాడు.

సున్నా అని రాసిన నివేదిక చూసి కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచారు. "ఇంత నిజాయితీగా సర్వే చేసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదయ్యా!"

"సార్, ఎదురుగా బస్ షెల్టర్‌లో ఒకాయన..."

"డోర్ నంబరుందా?"

"లేదు సార్."

"డోర్ నంబరు లేనివాడు ఉన్నాడని ఏ ఆధారంతో చెప్తావయ్యా?"

గుమాస్తా దగ్గర ఆధారం లేదు. బాగైన గొడుగు ఒక్కటే ఉంది.

సున్నా సంగతి విని మంత్రిగారు ఎంత సంతోషించారో, గంట తిరక్కుండా అంత బెంగపడ్డారు. ఒకటో తారీఖున ఉత్తమ నగరం అవార్డు జడ్జీలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఒక నిరుపేదకి ఇంటి తాళంచెవి ఇవ్వాలని ఆయన ముచ్చట. తాళంచెవి థర్మాకోల్‌తో ఆరడుగుల పొడవున తయారై వచ్చేసింది కూడా. తీసుకోవడానికి మనిషే లేడు.

"ఒక్కడంటే ఒక్కడు లేడా మన నగరంలో?" అన్నారు కమిషనర్‌గారు గుమాస్తాని పిలిచి, అయినవాళ్ళని పోగొట్టుకున్నవాడిలా.

"మొన్నటిదాకా చాలామందే ఉన్నారు సార్. సర్వే అయ్యాక లేరు."

"ఆ బస్ షెల్టర్ మనిషి ఉన్నాడన్నావు కదా? మాజీ నిరాశ్రయుడు అని రాద్దాం. మాజీలకి డోర్ నంబరు అక్కర్లేదు."

"మరి ఇల్లు సార్? పేదల ఇళ్ళ పథకానికి ఇంకా శంకుస్థాపన రాళ్ళే ఉన్నాయి, మూడు."

కమిషనర్‌గారు కిటికీ దగ్గరకెళ్ళి ఆఫీసు వెనక ఉన్న క్వార్టర్ వైపు చూశారు. చాలాసేపు చూశారు. "ఆ గుమ్మం పక్కన డబ్బాల్లో పూలమొక్కలు ఎవరివయ్యా?"

"మా ఆవిడవి సార్," అన్నాడు గుమాస్తా గర్వంగా.

"చక్కగా ఉన్నాయి. సున్నం వేయిస్తే ఇల్లు కూడా చక్కగా ఉంటుంది. ఒక్క పూట సర్దుకోండి. ఫొటోలవగానే తిరిగి వచ్చేద్దురుగాని."

గుమాస్తా ఈ సంగతి భార్యకి ఎలా చెప్పాలో తెలియక రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. చివరికి చెప్పాడు. ఆవిడ వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"పదకొండేళ్ళ సంసారాన్ని ఒక్క పూటకి ఎక్కడ పెడతారండీ?"

"బస్ షెల్టర్‌లో. తాత ఇక్కడికి వస్తాడు కాబట్టి అది ఎలాగూ ఖాళీ అవుతుందని కమిషనర్‌గారే అన్నారు."

"కాదంటేనో?"

"పొడిగింపు మీద ఇంకా సంతకం పెట్టలేదు."

ఆవిడ చేట పక్కన పెట్టి, లేచి, పరుపు చుట్టడం మొదలుపెట్టింది. బీరువా మాత్రం నలుగురు పట్టుకున్నా గుమ్మం దగ్గర ఇరుక్కుంది. వచ్చినప్పుడు ఎలా పట్టిందో ఎవరికీ గుర్తులేదు. తలుపు రెక్క ఊడదీశాక గానీ బయటికి రాలేదు.

ఒకటో తారీఖు పదింటికి క్వార్టర్ ముందు మొదలవ్వాల్సిన సభ పన్నెండింటికి మొదలైంది. గొడుగుల తాతకి గడ్డం గీయించి, తెల్లబట్టలు తొడిగి, అవి మరీ కొత్తగా ఉన్నాయని కాస్త నలిపి నిలబెట్టారు. చెప్పాల్సిన మాట ఒక్కటే. "నాకు ఇల్లొచ్చింది, మంత్రిగారికి ధన్యవాదాలు." రెండు రోజులు సాధన చేయించారు.

మంత్రిగారు తాళంచెవి అందించారు. అది చేతికి బరువు లేదు గానీ గాలికి ఒకచోట నిలవలేదు. తాత దాన్ని వాటేసుకుని, "ఇది ఏ తాళానికి బాబూ?" అని అడిగాడు. మైకు పక్కకి తిప్పేశారు.

జడ్జీల్లో ఒకావిడ మంచిది. తాత దగ్గరికొచ్చి, "ఇల్లు నచ్చిందా? ఏమైనా అడగాలనుందా?" అంది.

తాత లోపలికెళ్ళి గదులు చూశాడు. గోడ మీద బీరువా ఉన్న చోట సున్నం అంటకుండా మిగిలిన పాత రంగు చూశాడు. వంటింట్లో నూనె మరక చూశాడు. నేర్పిన మాట మర్చిపోయాడు.

"ఇందులో ఉన్నవాళ్ళు ఎక్కడికెళ్ళారమ్మా?"

అందరికంటే ముందు మంత్రిగారు నవ్వారు. కాబట్టి అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ గుమాస్తా కూడా నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. ఆవిడ అప్పుడు రోడ్డవతల బీరువాకి కాపలాగా ఉంది.

అవార్డు వచ్చేసింది. వెళ్తూ వెళ్తూ జడ్జీలు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చి ఈ ఇల్లు ఇలాగే ఉందో లేదో చూస్తామన్నారు. దాంతో మంత్రిగారు అక్కడికక్కడే ఆదేశమిచ్చారు. మనుషులుంటే గోడలు మాస్తాయి, మరకలు పడతాయి. ఆర్నెల్లదాకా ఇంట్లో ఎవరూ ఉండరాదు. ఊడిన తలుపు రెక్క బిగించి, నిజం తాళం వేసి, సీలు వేశారు. తెల్లబట్టలు విప్పించుకుని తాతని పెరటి దారిన పంపేశారు.

గుమాస్తా పరుగున కమిషనర్‌గారి గదికెళ్ళాడు. "సార్, ఒక్క పూటన్నారు... మా క్వార్టర్..."

"అరె, నీ క్వార్టర్ ఎక్కడికి పోతుందయ్యా?" కమిషనర్‌గారు అవార్డు పక్కకి జరిపి, పొడిగింపు కాగితం మీద పూర్తి సంతకం పెట్టి చేతికిచ్చారు. "ఇదిగో, ఆర్నెల్లు. ఆ క్వార్టర్ నీదే. నువ్వు అందులో ఉండకూడదంతే."

గుమాస్తా దణ్ణం పెట్టి కాగితం తీసుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి అడక్కుండా వచ్చిన సంతకం అది.

బస్ షెల్టర్‌కి వచ్చేసరికి తాత తన బెంచీ మీద గుమాస్తా పరుపు చూసి, దాని చివర నొచ్చుకుంటున్నట్టు కూర్చుని ఉన్నాడు. ఎవరి ఇంట్లో ఎవరున్నారో తేల్చుకోవడానికి ముగ్గురికీ కాసేపు పట్టింది.

"కప్పు ఆ మూల కారుతుందమ్మా. బీరువా ఇటు లాగండి," అన్నాడు తాత. మబ్బు పడితే బాగుచేయడానికి ఇచ్చిన గొడుగులన్నీ తెరిచి బియ్యం డబ్బా మీద, పరుపు మీద వరసగా నిలబెట్టాడు. గుమాస్తా భార్య పూలడబ్బాలని రోడ్డు వైపు పేర్చి, అటు గుమ్మం అనుకుంది. వారం గడిచింది. ఆఫీసు అరవై అడుగుల దూరం కావడంతో గుమాస్తా ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.

ఎనిమిదో రోజు ఎదురుగా కారాగింది. మూడంతస్తుల మేడమ్‌గారు దిగారు, వెంట ఫొటోగ్రాఫర్ దిగాడు. ఆవిడ గుమాస్తా భార్య భుజాల చుట్టూ స్వెట్టర్ కప్పి, "ఇటు చూడమ్మా, కాస్త దిగులుగా," అంది. అది ఎండాకాలం. ఫొటో మూడుసార్లు తీశారు. పక్కనే ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ గుమాస్తాని మేడమ్‌గారు గుర్తుపట్టలేదు. తన గేటు ముందు నిలబడిన మనిషి ఇక్కడెందుకుంటాడు?

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి ఆ మేడమ్‌గారి ఫిర్యాదు వచ్చింది. అవార్డు తెచ్చుకున్న నగరంలో బస్ షెల్టర్‌ని ఎవరో ఆక్రమించి సంసారం పెట్టారు, పూలడబ్బాలు కూడా పెట్టారు, చూడటానికి ఏమీ బాగాలేదని అందులో ఉంది.

కమిషనర్‌గారు దాన్ని గుమాస్తా చేతిలో పెట్టారు. "నువ్వైతే నిజాయితీగా చూసొస్తావు. స్వయంగా వెళ్ళి, ఎవరున్నారో రిపోర్టు రాయి. ఉంటే మధ్యాహ్నానికి లారీ పంపుదాం. మన లెక్క మాత్రం సున్నా అని గుర్తుపెట్టుకో."

గుమాస్తా అరవై అడుగులు నడిచి స్వయంగా వెళ్ళాడు. భార్య పొయ్యి మీద అన్నం దించుతోంది. తాత ఎవరిదో గొడుగుకి గుడ్డ కుడుతున్నాడు. గుమాస్తా పరుపు మీద కూర్చుని ట్యాబ్ తెరిచాడు.

"ఏం బాబూ, ఈసారైనా నన్ను రాసుకుంటావా?" అన్నాడు తాత.

పరిశీలించిన అధికారి డోర్ నంబరు అడిగిన గడిలో గుమాస్తా తన క్వార్టర్ నంబరు కొట్టాడు. ట్యాబ్ ఎర్రబడకుండా ముందుకి కదిలింది. ఆ స్థలంలో ఎవరున్నారు అనే గడి దగ్గర వేలు ఆగిపోయింది. బీరువా వంక, గొడుగుల వంక, భార్య వంక చూశాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, కంగారుగా దగ్గరికొచ్చింది.

"ఏమిటండీ ఆలోచన? ఎవరూ లేరని రాసెయ్యండి. లేకపోతే ఉన్న క్వార్టర్ కూడా పోతుంది."

గుమాస్తా రాశాడు. ట్యాబ్ మీద ఎండ పడకుండా తాత గొడుగు పట్టుకున్నాడు.