టైలరమ్మ తూకపర్వం

సహస్రకిరణుడు ఎదురింటి డాబా గోడనెక్కి, వంటింటి కిటికీ చువ్వల సందున చొరబడి, బోర్లించిన గిన్నెల వీపులపై తళతళ నర్తించుచున్న ఆ ఉదయసమయమున. కుక్కరు రెండవ కూత కూసి మూడవదానికై ఊపిరి బిగబట్టిన ఆ మహాక్షణమున. మూడంతస్తుల భవనమునందలి నడిమి వాటాలో, మిరియం అను ముద్దుపేరు గల మూడేండ్ల బాలికను నూటరెండు డిగ్రీల జ్వరాసురుడు ఆవహించి యుండెను. ఇరువదేండ్లుగా వీధి మొగన కుట్టుమిషను తొక్కుచు, లెక్కకు మిక్కిలి నడుములను టేపుతో చుట్టి జయించిన సూచీధారిణి, కత్తెరపాణి, టైలరమ్మగా పేరుమోసిన వీరనారి ఆ బాలికకు నాయనమ్మ. తానానాడు పోరవలసిన శత్రువు జ్వరము కాదని ఆమెకింకను తెలియదు.

ఫోనులో డాక్టరుగారి వాక్కు వెలువడెను.

"పాప బరువు చూసి, జ్వరం మందు కిలోకి పదిహేను మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వండి. ఎక్కువ మాత్రం పొయ్యకండి. మళ్లీ ఆరు గంటలు గడిచేదాకా వద్దు."

మందు సీసాపై చీమతలలంతేసి అక్షరములలో, ఐదు మిల్లీలీటర్లకు రెండువందల యాభై మిల్లీగ్రాములని లిఖించి యుండెను. అనగా మిల్లీలీటరుకు యాభై. బడిలో లెక్కలు చెప్పు కోడలికి ఇది నల్లేరుపై నడక. తెలియవలసినది ఒక్కటే, బాలిక బరువు.

మంచము క్రిందనుండి తూకపు యంత్రము బూజుతో సహా బయల్వెడలెను. మిరియం దానిపై ఒక పాదము మోపి, అది చల్లగా నుండుటచే రెండవది మోపనని భీషణప్రతిజ్ఞ చేసి, బల్లి గోడను కరచినట్లు నాయనమ్మ మెడను కరచుకొనెను.

"అత్తయ్యా, దాన్నెత్తుకుని మీరెక్కండి. తర్వాత మీ బరువు తీసేద్దాం," అనెను కోడలు.

ఎక్కెను. ఎనుబది నాలుగు.

"ఇప్పుడు దాన్ని నాకిచ్చి మీరొక్కరే ఎక్కండి."

"ఎందుకూ? నా బరువు నాకు తెలీదా? అరవై ఆరు. ఊరికే ఎక్కి దిగుతుంటే బ్యాటరీ అయిపోదూ?"

వార్తాపత్రిక వెనుకనుండి తాతగారు గొంతు సవరించుకొనిరి. "అరవై ఆరా? అది మన పెళ్లి ఫొటోలతో పాటే పెట్టెలోకి పోయిందనుకున్నానే."

"మీరు పేపరు చదువుకోండి."

నిజము పలుకవలెనన్న, ఆ అబద్ధము ఆమె స్వభావము కాదు, వృత్తిధర్మము. అంగడిలో ఏ వనిత నడుము కొలిచినను, పైకి రెండంగుళములు తగ్గించి పలుకును; పుస్తకమున మాత్రము ఉన్నదున్నట్లు వ్రాసికొనును. రవికె సరిపోవును, వనిత మురిసిపోవును. ఇరువదేండ్ల ఈ అలవాటున నాలుక తనంత తానే కోతపెట్టుట నేర్చినది. కాని నేడు పుస్తకము కోడలి చేతనున్నది. పలికినదే అందు పడినది.

"ఎనభై నాలుగులో అరవై ఆరు పోతే పద్దెనిమిది. పద్దెనిమిది పదిహేన్లు రెండొందల డెబ్భై. యాభైతో భాగిస్తే ఐదు పాయింట్ నాలుగు," అని కోడలు కలము మూసెను. "పద్దెనిమిది కిలోలా? బాగానే పుంజుకుందే. అంతా మీ చేతి ముద్దల చలవ, అత్తయ్యా."

ఆ పొగడ్త శరమై వీరనారి గుండెలో నాటుకొనెను. సూదిలేని సిరంజిలో గులాబీరంగు ద్రవము ఒకటి, రెండు, మూడు గీతలు దాటి, ఐదునతిక్రమించి, బిడ్డ పెదవులవైపు సాగుచుండగా ఆమె అంతరంగమిట్లు ఘోషించెను: "ఓసీ నాలుకా! పరాయి నడుములపై నీవు చూపిన దయ నేడు నా మనుమరాలి గొంతున విషమై దిగనున్నదే! పరువా, పసిదానా, ఏది నీకు బరువు?"

"ఆగమ్మాయ్."

"ఏమైందత్తయ్యా?"

"డెబ్భై రెండు."

"ఏది డెబ్భై రెండు?"

"నేనే."

కోడలు సిరంజిని దించెను. వార్తాపత్రిక కదలలేదు; ప్రాణభీతి అట్టిది. టైలరమ్మ బిడ్డను తల్లికందించి, అది చేయు ఆక్రందనమును లెక్కసేయక, యుద్ధరథమునెక్కినట్లు యంత్రమునెక్కి నిలిచెను. ఒక్క గ్రాముకైనను మొగమాటపడక అది డెబ్బది రెండని ప్రకటించెను.

"పన్నెండు కిలోలు. నూట ఎనభై. మూడు పాయింట్ ఆరు," అనెను కోడలు మెల్లగా. ఆరు కిలోల అబద్ధము ఒకటి పాయింట్ ఎనిమిది మిల్లీలీటర్ల ధారయై సింకులోనికి జారిపోయెను. అంతలో ఆమె కనుబొమలు ముడివడెను. "అవునూ, మొన్న నా నడుము ముప్పై అన్నారు?"

"నువ్వు ముందు మందు పట్టవే తల్లీ."

పట్టెను. మిరియం మింగక, ఉమియక, బుగ్గలు రెండును బూరెలుగా పొంగించి మువ్వురినీ పరికించెను. పిదప గుటుక్కుమని ఒక్క శబ్దము. గౌనుపై ఒక్క చుక్కయు పడలేదు.

గంట గడచుసరికి బాలిక నుదుట చెమట పోసెను, జ్వరాసురుడు తొంబది తొమ్మిదికి దిగి కాళ్లబేరమునకు వచ్చెను. లోకులారా, వినుడు! కొలత తప్పనీయక మూడు పాయింట్ ఆరు మిల్లీలీటర్ల సామ్రాజ్యమును గెలిచిన ఆ వీరనారి, దాచుటకిక ఏమియు లేనందున, డెబ్బది రెండు కిలోలను ఒక్క కిలోయైనను తగ్గింపక, హాయిగా కుర్చీలో కూలబడెను. కుర్చీ కిఱ్ఱుమనెను. ఎవ్వరును నవ్వలేదు.