గొర్రె తేన్పుకు పన్ను కట్టేదెవరు?

గొర్రె తేన్పు మీద పన్ను వెయ్యాల్సిందే. ఇందులో రెండో మాట లేదు. ఇన్నాళ్లూ వెయ్యకపోవడమే పొరపాటు!

ఎండలు ఎందుకింత మండుతున్నాయి? బోర్లు ఎందుకు ఎండుతున్నాయి? పెద్దరోడ్డు మీద రాత్రీ పగలూ పోయే లారీల వల్లనా? రోడ్డు పక్క ఫ్యాక్టరీ పొగగొట్టం వల్లనా? ఛ, కాదు. గుర్వమ్మ గొర్రెలు పగలంతా మేసి, పొద్దుగూకాక తీరిగ్గా పడుకుని నెమరేస్తూ, ఎవరినీ అడగకుండా తేన్చడం వల్ల.

కొత్తకోటకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఊరికి ఈ సంగతి మొదట చెప్పింది కమలాకర్ సారు. వాతావరణం గురించి ఊరూరా తిరిగి చెప్పే సంస్థ ఆయనది. బడి ఆవరణలో మీటింగ్ పెట్టారు. మీటింగ్ అయ్యేదాకా ఆయన కారు ఇంజిన్ ఆగలేదు. సారు తిరిగి ఎక్కేసరికి సీటు చల్లగా ఉండాలట. భూమిని చల్లబరిచే మనిషికి సీటైనా చల్లగా ఉండొద్దా?

"భూమిని వేడెక్కించే గ్యాసు ఎవరు వదిలితే వాళ్లే పన్ను కట్టాలని ప్రపంచమంతా చర్చ నడుస్తోంది. పశువుల తేన్పుల్లో కూడా గ్యాసుంటుంది. ఏదో ఒకరోజు ఆ పన్ను మన దగ్గరికీ రావచ్చు" అన్నాడు సారు.

ఊరంతా వెనక్కి తిరిగి గుర్వమ్మను చూసింది. ఊళ్లో పెద్ద మంద ఆమెదే. పుట్టి బుద్ధెరిగాక ఆమె కారెక్కలేదు, ఇంట్లో ఫ్రిజ్ లేదు. కర్ర పట్టుకుని గుట్ట వెంట నడుస్తూనే భూగోళాన్ని వేడెక్కించిందంటే ఎంత టాలెంట్!

"సారూ, తేన్పకుంటె జీవాలు కడుపుబ్బి సస్తయి గద" అంది గుర్వమ్మ.

"అది వేరే శాఖ అమ్మా" అన్నాడు సారు.

పన్ను వస్తే ఎన్ని లాభాలో ఆలోచించారా? గొర్రె మెడలో గంట తీసేసి మీటరు కట్టవచ్చు. చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలకు తేన్పుల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలు వస్తాయి. మహబూబ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి. "తేన్పుకూ ఆవులింతకూ భేదాలు రాయుము" అని ప్రశ్న వస్తుంది. పెళ్లిలో బిర్యానీ తిన్న చుట్టాలు తేన్చబోయి, గుమ్మంలో ఇన్‌స్పెక్టర్‌ని చూసి మింగేస్తారు. మర్యాద పెరుగుతుంది!

ఇక్కడే చిన్న చిక్కు వచ్చింది. దుక్కికి ముందు రైతులు గొర్రెల మందను పిలిచి కొన్ని రాత్రులు తమ చెల్కలో పడుకోబెట్టించుకుంటారు. చెల్కకు ఎరువు, మందకు జాగా, గుర్వమ్మకు జొన్నలు. ఆ రాత్రి మంద నుంచి చెల్కలో ఏది పడితే అది రైతుదే. తాతల నాటి కట్టు ఇది.

ఏది పడితే అది! మందను పిలిచిన రైతు మల్లేశ్‌కు నిద్ర పట్టలేదు. మరునాడు మందకు అడ్డం నిలబడ్డాడు.

"అవ్వా, నా చెల్కల మంద పెట్టకు."

"నిన్ననే గద రమ్మంటివి, మల్లేశా."

"నిన్న పెంటికలే అనుకున్న. తేన్పులు గూడ నా చెల్కలనే పడ్తయాయె. రేపు పన్నొస్తె నా పేరు మీద రాస్తరు."

"గడ్డి తిన్నది గుట్టెనక. ఆడ రాయమను."

"తిన్నకాడ కాదే, తేన్పినకాడ లెక్క."

లెక్క ఊరంతా పాకింది. గుర్వమ్మ ఏ గట్టు దగ్గరికి పోయినా కర్ర పట్టుకుని ఒక రైతు. ఎవరూ జాగా ఇవ్వకపోతే మందను సంతకు తోలి అమ్ముకోవడమే. ఎవరికీ చెందని నేల ఒకప్పుడు గుట్ట కింద ఉండేది. దానికి నిరుడు ఫ్యాక్టరీ వాళ్లు కంచె వేశారు. తమ పొగకు బదులుగా అక్కడ అడవి పెంచుతున్నారని బోర్డు పెట్టారు.

పొద్దు వాలుతుండగా గుర్వమ్మ ఆ కంచె గేటు తీసింది. లోపల కమలాకర్ సారు ఉన్నాడు, అడవి ఫోటోల కోసం వచ్చి.

"అమ్మా, గొర్రెల్ని ఆపండి. మొక్కలు తినేస్తాయి."

గుర్వమ్మ చుట్టూ చూసింది. "ఏ మొక్కలు సారూ?"

సారు కూడా చూశాడు. గుంతలు ఉన్నాయి. గుంత పక్కన వేప అని, కానుగ అని రేకు బోర్డులు ఉన్నాయి. ఒక గొర్రెపిల్ల కానుగ బోర్డును వాసన చూసి పక్కకు పోయింది.

"కాగితాల్లో ఉన్నాయమ్మా" అన్నాడు సారు. "ఫ్యాక్టరీ పొగ వాటితోనే చెల్లిపోయింది."

"గట్లనా. అయితె మా తేన్పులు గూడ గా మొక్కలకే చెల్లగట్టు."

సారు కారెక్కి పోయాడు. మంద హాయిగా పడుకుని, కాగితాల్లోని అడవికి తగ్గట్టు తేన్చింది.

తెల్లారి వేపపుల్ల నములుతూ అటు వచ్చిన మల్లేశ్ కంచె దగ్గర ఆగిపోయాడు. లోపల నేలంతా నల్లగా పెంటికలు. అతని ప్రాణం గిలగిల్లాడింది.

"అవ్వా, గింత ఎరువు కంపెనోళ్ల పాలు చేస్తివా? పొద్దుగూకంగ నా చెల్కకు తోలుకరా."

"మరి తేన్పులో?"

మల్లేశ్ పుల్ల ఉమ్మేశాడు. "ఎరువు నాదైనంక తేన్పు నాది గాకపోతె ఎవనిదే?"

చూశారా? దేశదేశాల మేధావులు కొట్టుకుంటున్న లెక్కను మల్లేశ్ మొహం కడుక్కోకముందే తేల్చేశాడు. కనుక పన్ను తప్పకుండా వెయ్యండి. గొర్రెల నుంచే మొదలుపెట్టండి, మల్లేశ్ కడతాడు. తర్వాత అదే లెక్క పట్టుకుని పెద్దరోడ్డు దాకా రండి. ఆ ఫ్యాక్టరీ ఎరువంతా లారీలెక్కి ఎటో పోతోంది. పొగగొట్టం తేన్పు మాత్రం ఏళ్లుగా ఈ ఊరి చెల్కల్లోనే పడుతోంది.